పద్యంలో అలంకారం పట్టుకోవడం: ‘వలె’ ఒక్కటే చూస్తే చాలదు

మా అన్నయ్య కూతురు పదో తరగతి. తెలుగు పరీక్షకు ముందు రోజు రాత్రి పుస్తకం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "అత్తా, అలంకారాలు అప్పజెబుతాను, విను" అంది. వలె, పోలె, లాగా, అట్లు ఉంటే ఉపమ. ఇదే అది అనేస్తే రూపకం. అది కాబోలు అని ఊహిస్తే ఉత్ప్రేక్ష. ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెబితే అతిశయోక్తి. గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది, ఒక్క తప్పు లేదు. సరే, చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన పద్యమే కదా అని వేమన పద్యం ఒకటి ఇచ్చి, ఇందులో ఏ అలంకారం ఉందో చెప్పమన్నాను.

అల్పుడెపుడు పల్కు నాడంబరముగాను
సజ్జనుండు పలుకు చల్లగాను
కంచు మ్రోగినట్లు కనకంబు మ్రోగునా
విశ్వదాభిరామ వినుర వేమ

"మ్రోగినట్లు... అట్లు ఉంది కదా. ఉపమ!" అంది వెంటనే.

కాదు. ఎందుకు కాదో చెప్పడానికి నాకు అరగంట పట్టింది. తప్పు ఆ పిల్లది కాదు. లక్షణాలు నేర్పేటప్పుడు మనం గుర్తు చూపిస్తాం, ఆ గుర్తు ఏం పని చేస్తోందో చూపించం. ఆ రాత్రి మాట్లాడుకున్నవీ, తర్వాత సెలవుల్లో కూర్చుని చదువుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఈ పద్యంలో ‘అట్లు’ ఉన్న మాట నిజమే. అది దేన్ని దేనితో కలుపుతోంది? కంచును కనకంతో. అదీ రెండూ ఒకటేనని చెప్పడానికి కాదు, ఒకటి కాదని చెప్పడానికి. పోనీ, వేమన చెప్పదలచుకున్నది లోహాల గురించా? కాదు, మనుషుల గురించి. అల్పుడికి ఎదురుగా కంచు, సజ్జనుడికి ఎదురుగా బంగారం. అసలు పోలిక ఇదీ. ఈ పోలిక దగ్గర ‘వలె’ లేదు, ‘అట్లు’ లేదు. కవి రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి ఊరుకున్నాడు. మొదటి దాంట్లో ఉన్న ప్రతిదానికీ రెండో దాంట్లో నీడ ఒకటి కనిపిస్తుంది. అల్పుడికి కంచు, సజ్జనుడికి కనకం, పలకడానికి మ్రోగడం. దీన్నే మనవాళ్ళు బింబప్రతిబింబ భావం అన్నారు. అలంకారం పేరు దృష్టాంతం.

కాబట్టి వలె ఉందా లేదా అన్నది రెండో ప్రశ్న. ముందు వెయ్యాల్సిన ప్రశ్న, ఈ పద్యం ఎవరి గురించి అని. కవి ఎవరి గురించి మాట్లాడుతున్నాడో అది ఉపమేయం. దాన్ని చూపించడానికి ఎవర్ని పిలుచుకొచ్చాడో అది ఉపమానం. ఈ రెండూ తేలితే సగం పని అయిపోయినట్టే. ‘అట్లు’ ఈ రెండింటి మధ్య నిలబడిందా, లేక ఉపమానం ఇంట్లోనే ఎక్కడో కూర్చుందా అన్నది అప్పుడు కనిపిస్తుంది.

ఒకే మాటను నాలుగు రకాలుగా చెప్పి చూపిస్తే మా పిల్లకు బాగా పట్టుబడింది. మే నెల మధ్యాహ్నం, కొత్తకుండలో నీళ్ళు. "అమ్మ మాట కొత్తకుండ నీళ్ళలా చల్లగా ఉంది." అమ్మ మాట ఉపమేయం, కొత్తకుండ నీళ్ళు ఉపమానం, చల్లదనం రెండింటికీ ఉన్న గుణం, ‘లా’ వాటిని కలిపే మాట. నాలుగూ ఉన్నాయి కనుక ఇది పూర్ణోపమ. ఒకటి ఎగిరిపోతే లుప్తోపమ. "అమ్మ మాట అనే కొత్తకుండ నీళ్ళు తాగి లేచాను" అంటే రెండూ వేరు కాదంటున్నాను, అది రూపకం. "అమ్మ మాట్లాడుతుంటే ఎవరో కొత్తకుండ వంచుతున్నారేమో అనిపించింది" అంటే ఊహ. అక్కడ కుండ లేదని నాకు తెలుసు, అయినా ఉందేమో అనుకుంటున్నాను. అది ఉత్ప్రేక్ష. "అమ్మ ఒక్క మాట అంది, మే నెల కాస్తా మాఘమాసం అయిపోయింది" అంటే అతిశయోక్తి. మారుతున్నది ఒక్కటే, ఉపమేయానికీ ఉపమానానికీ మధ్య దూరం. ఉపమలో ఇద్దరూ పక్కపక్కన నిలబడతారు. ఉత్ప్రేక్షలో ఒకరిని చూసి ఇంకొకరేమో అనుకుంటాం. రూపకంలో ఇద్దరూ ఒక్కరే. అతిశయోక్తిలో సంగతి లోకం హద్దు దాటిపోతుంది.

ఇక శబ్దం సంగతి. శబ్దాలంకారమా, అర్థాలంకారమా అని తేల్చుకోవడానికి పాత ఆలంకారికులు చెప్పిన పరీక్ష ఒకటుంది. నాకు అన్నిటికంటే నచ్చిన పరీక్ష అది. పద్యంలో ఆ మాట తీసేసి, అదే అర్థం వచ్చే ఇంకో మాట పెట్టి చూడండి. అందం నిలిస్తే అది అర్థంలో ఉంది. అందం పోతే అది శబ్దంలో ఉంది. వేమన పద్యంలో కనకం తీసి పసిడి పెట్టండి. యతి, అంటే పాదం మొదటి అక్షరం మధ్యలో మళ్ళీ పలకాలన్న నియమం, పోతుంది కానీ పోలికకు ఏమీ కాదు. ఇప్పుడు ఇది చూడండి.

లేమా! దనుజుల గెలువఁగ
లేమా? నీవేల కడఁగి లేచితి? విటు రా
లే, మాను మాన వేనిన్
లే! మా విల్లందికొనుము లీలం గేలన్

పోతన భాగవతంలో నరకాసురుడితో యుద్ధం. సత్యభామ కొంగు బిగించి లేచింది. కృష్ణుడు ఆమెతో అంటున్న మాట ఇది. మొదటి ‘లేమా’ పిలుపు, లేమ అంటే యువతి. రెండో ‘లేమా’ ప్రశ్న, రాక్షసుల్ని మేం గెలవలేమా అని. మూడోది అసలు ఒక మాటే కాదు. ‘ఇటు రా లే, మాను’ అనే రెండు ముక్కల అంచులు ఒరుసుకుని పుట్టిన చప్పుడు. నాలుగోది మళ్ళీ రెండు మాటలు, ‘లే’ అంటే లెమ్మని, ‘మా’ అంటే మాది. మానకపోతే లే, మా విల్లు అందుకో అంటున్నాడు. అవే అక్షరాలు నాలుగుసార్లు, నాలుగు అర్థాలతో. ఇదే యమకం. మొదటి పాదంలో లేమ తీసి పడతి అనండి, మొత్తం కూలిపోతుంది.

ఇక్కడే ఇంకో సంగతి ఉంది, గైడ్లలో ఎక్కడా కనిపించదు. ఇది కంద పద్యం. కందానికి ప్రాస నియమం ఉంది. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు అయి ఉండాలి, దాని ముందున్న అక్షరం ఒక పాదంలో గురువైతే, అంటే పలకడానికి ఎక్కువసేపు పట్టే అక్షరమైతే, అన్ని పాదాల్లోనూ గురువే కావాలి. అంటే ఇక్కడ ఛందస్సు పోతనను అడిగింది ఏమిటి? రెండో అక్షరంగా ‘మ’, దాని ముందు ఒక గురువు. అంతే. సామి, భామ, రామ, సీమ, ఏదైనా సరిపోయేది. పోతన ఇచ్చింది మాత్రం నాలుగుసార్లూ పూర్తిగా ‘లేమా’. ఛందస్సు అడిగింది ఒక అక్షరం, కవి ఇచ్చింది రెండక్షరాల మాట, పైగా నాలుగు అర్థాలు. అడిగినదానికి మించి ఇచ్చిన ఆ మిగులే అలంకారం.

ఇది తెలియకపోతే తెలుగు పద్యంలో ఎక్కడ చూసినా అనుప్రాసే కనిపిస్తుంది. మన పద్యంలో యతి ఉంటుంది, ప్రాస ఉంటుంది. పాదం మొదటి అక్షరం మళ్ళీ పాదం మధ్యలో పలకాలని రూలే ఉంది. ‘విశ్వదాభిరామ వినుర వేమ’లో ‘వి’ రెండుసార్లు వచ్చిందని వృత్త్యనుప్రాస అని రాసేవాళ్ళున్నారు. ఆ రెండో ‘వి’ ఆటవెలదికి కట్టాల్సిన పన్ను, యతి. మూడోది, ‘వేమ’లోని ‘వే’, అడక్కుండా వచ్చింది. అదే హల్లు అలా అడక్కుండా పదేపదే వచ్చి చెవికి తగిలినప్పుడు వృత్త్యనుప్రాస అనాలి. అయితే నియమం తీర్చడంలోనూ కవి గొప్పతనం ఉండొచ్చు. వేమన మూడో పాదం మళ్ళీ చూడండి. యతి కోసం ‘క’కు ‘క’ కావాలి. కలిపిన రెండు మాటలు ఏవి? కంచు, కనకం. పద్యం మొత్తం తూచి చూస్తున్న రెండు లోహాలూ సరిగ్గా యతి స్థానాల్లోనే కూర్చున్నాయి. పేరుకు ఇది అలంకారం కాదు, ఛందస్సే. అయినా పద్యం చెబుతున్నప్పుడు నాకు ముందు వినిపించేది అదే.

శబ్దాలంకారాల్లో మిగతావి త్వరగా చెప్పేస్తాను. రెండేసి హల్లుల జంట అర్థం మారి వెంటవెంటనే వస్తే ఛేకానుప్రాస, ‘నీకు వంద వందనాలు’ అన్నట్టు. యమకంలో అర్థభేదమే ప్రాణం, వెంటనే రావాలన్న పట్టింపు లేదు. పాదాల చివర ఒకే పలుకుబడి ఉంటే అంత్యానుప్రాస. లాటానుప్రాస దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ‘కమలాక్షు నర్చించు కరములు కరములు’ అని పోతనే అన్నాడు. రెండు కరాలకూ అర్థం చేతులే. మరి రెండోసారి ఎందుకు? మొదటివి మామూలు చేతులు, రెండోవి చేతులు అనిపించుకోదగ్గ చేతులు. నిఘంటువులో అర్థం మారలేదు, తాత్పర్యం మారింది. మనం మామూలుగా "వాడూ మనిషేనా, మనిషైతే కదా!" అంటామే, ఆ రెండో ‘మనిషి’లో ఉన్న బరువే ఇది. పద్యం పైకి చదివితేనే ఇది దొరుకుతుంది. కళ్ళతో మాత్రమే చదివితే రెండో ‘కరములు’ అచ్చుతప్పులా కనిపిస్తుంది.

ఇప్పుడు చిక్కుముడి పద్యానికి వద్దాం. ప్రహ్లాదుడి నోట పోతన పలికించిన సీసం, తెలుగువాళ్ళకు దీని సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు.

మందార మకరంద మాధుర్యమునఁ దేలు
మధుపంబు వోవునే మదనములకు
నిర్మల మందాకినీ వీచికలఁ దూఁగు
రాయంచ చనునే తరంగిణులకు
లలిత రసాల పల్లవ ఖాదియై చొక్కు
కోయిల చేరునే కుటజములకుఁ
బూర్ణేందు చంద్రికా స్ఫురిత చకోరకం
బరుగునే సాంద్ర నీహారములకు

మందారంలో తేనె తాగిన తుమ్మెద ఉమ్మెత్త పూల దగ్గరికి పోతుందా? గంగ అలల మీద ఊగిన రాజహంస వాగులకు వెళ్తుందా? మామిడి చిగురు తిన్న కోయిల కొండమల్లె చెట్ల దగ్గరికి చేరుతుందా? పున్నమి వెన్నెల్లో మెరిసిన చకోరం మంచులోకి వెళ్తుందా? ఆ తర్వాత ఎత్తుగీతిలో, అంటే సీసం చివర వచ్చే చిన్న పద్యంలో, అసలు మాట. విష్ణువు పాదాల చింతన అనే అమృతం తాగి మత్తెక్కిన చిత్తం ఇంకోదాన్ని ఎలా చేరగలదు?

దీన్ని కొందరు దృష్టాంతం అంటారు, కొందరు ప్రతివస్తూపమ అంటారు. ఈ రెంటికీ తేడా ఎంత సన్ననిదంటే, వెంట్రుకను నిలువునా చీల్చినట్టే. దృష్టాంతంలో రెండు వాక్యాల్లోని గుణాలు వేరువేరు, ఒకటి ఇంకోదానికి నీడ. పలకడం వేరు, మ్రోగడం వేరు. ప్రతివస్తూపమలో గుణం ఒక్కటే, వేరే మాటతో చెబుతారు. అందుకని ఇక్కడ క్రియల్ని వరసగా పట్టుకుని చూడాలి. వోవునే, చనునే, చేరునే, అరుగునే. పోవు, చను, అరుగు, మూడింటికీ వెళ్ళడమనే అర్థం. తుమ్మెద చేసినా, హంస చేసినా, చిత్తం చేసినా పని ఒక్కటే, ఉన్నచోటు వదిలి ఇంకోచోటికి పోవడం. పని మారలేదు, మాట మారింది. అందుకే నా ఓటు ప్రతివస్తూపమకు, అలాంటివి నాలుగు వరసగా వచ్చాయి కనుక మాలగా కట్టిన ప్రతివస్తూపమకు. పట్టుబట్టి అడిగితే ఒక్క మెలిక ఉంది. ఎత్తుగీతిలో ‘చేర నేర్చు’ అని మళ్ళీ ‘చేరు’ వచ్చింది, కోయిల పాదంలో ఉన్న మాటే. ఆ ఒక్క జతలో మాట మారలేదు. దానివల్ల పేరు మార్చాల్సిన పని లేదని నా అభిప్రాయం.

పేర్ల దగ్గర తగాదాలు రావడం సహజం. భరతుడి నాట్యశాస్త్రంలో చెప్పిన అలంకారాలు నాలుగే: ఉపమ, రూపకం, దీపకం, యమకం. అప్పయ్య దీక్షితుల కువలయానందం నాటికి అర్థాలంకారాలే నూరు దాటిపోయాయి. పద్యం చేసే పనిని ఎంత దగ్గర్నుంచి చూస్తే అన్ని పేర్లు పుట్టాయి. కాబట్టి ఇద్దరు మాస్టార్లు ఒకే పద్యానికి రెండు పేర్లు చెబితే కంగారు పడక్కర్లేదు. ఎందుకని అడగండి. కారణం పద్యంలోని మాటలు చూపించి చెప్పినవాళ్ళ మాట నమ్మండి.

ఇదే ఎత్తుగీతిలో ‘పాదారవింద చింతనామృత పాన’ అని ఉంది. పాదారవిందం, చింతనామృతం. రెండూ చూడటానికి ఒకేలా ఉన్న సమాసాలు. ఒకటి అరవిందం వంటి పాదం, అంటే ఉపమ. ఇంకోటి చింతన అనే అమృతం, అంటే రూపకం. ఎలా తెలిసింది? వెనకాల వచ్చిన పనిని చూడాలి. ‘పానం’ అన్నాడు. తాగేది అమృతాన్నే, చింతనను కాదు. క్రియ ఉపమానానికి అతికింది కనుక అక్కడ అమృతమే ముందుకొచ్చింది, రూపకం. అరవిందం దగ్గర అలా కాదు. ప్రహ్లాదుడు తలుచుకుంటున్నది పాదాల్ని, తామరపువ్వుల్ని కాదు. ‘చింతన’ అనే పని ఉపమేయానికి అతికింది, అందుకని ఉపమ. ‘ముఖచంద్రుడు ఉదయించాడు’ అంటే రూపకం, ‘ముఖచంద్రుడు నవ్వాడు’ అంటే ఉపమ వైపే మొగ్గాలి. పరీక్షల్లో సమాసం పేరు అడిగినా ఇదే సూత్రం పనికొస్తుంది.

దృష్టాంతంతో కలగాపులగం అయ్యేది ఇంకోటుంది, అర్థాంతరన్యాసం. ‘హనుమంతుడు సముద్రం దాటాడు, మహాత్ములకు సాధ్యం కానిది లేదు కదా!’ ఇక్కడ మొదటి వాక్యం రెండో వాక్యం కడుపులోనే ఉంది, హనుమంతుడూ మహాత్ముడే కనుక. ఒకటి విశేషం, అంటే ఒక్కరి సంగతి. ఒకటి సామాన్యం, అంటే అలాంటివాళ్ళందరికీ వర్తించే మాట. వేమన పద్యంలో అల్పుడు కంచులో భాగం కాదు, కంచు అల్పుడిలో భాగం కాదు. పక్కపక్కన ఉన్నాయి, ఒకదాంట్లో ఒకటి లేవు. ఈ ఒక్క తేడా చూసుకుంటే చాలు.

శ్లేషను స్కూలు పుస్తకాల్లో అర్థాలంకారాల్లో వేస్తారు. ‘రాజు కువలయానందకరుడు’. రాజంటే ప్రభువు, చంద్రుడు కూడా. కువలయం అంటే భూమండలం, కలువ కూడా. ప్రభువు భూమికి, చంద్రుడు కలువకు ఆనందం ఇస్తారు. ఇందాకటి మాట మార్చే పరీక్ష పెడితే, కువలయం తీసి భూమి అనగానే శ్లేష మాయమవుతుంది. అంటే ఇది శబ్దం మీద ఆధారపడినట్టే కదా అని పిల్లలు అడిగితే కసురుకోకండి, సరైన ప్రశ్నే. సంస్కృత ఆలంకారికులు శబ్దశ్లేష, అర్థశ్లేష అని రెండూ చెప్పుకున్నారు. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాయమనండి.

పాత పద్యాలకే ఇదంతా, వచన కవితకూ గేయానికీ ఎందుకు అనేవాళ్ళున్నారు. గురజాడ 1910లో రాసిన దేశభక్తి గేయమే తీసుకుందాం. ‘దేశమంటే మట్టికాదోయ్, దేశమంటే మనుషులోయ్.’ ఇది కాదు, అది అనే ఈ కట్టు పాతదే. అపహ్నుతి అంటారు. ‘ఇది చంద్రుడు కాదు, ఆకాశగంగలో పూసిన తామర’ అని పాత ఉదాహరణ. అక్కడ కళ్ళెదుట ఉన్న నిజాన్ని కాదని, ఊహను నిలబెడతారు. గురజాడ దాన్ని తిరగేశాడు. దేశమంటే మట్టి అని అందరూ అనుకుంటున్న ఊహను కాదని, కళ్ళెదుట ఉన్న మనుషుల్ని నిలబెట్టాడు. కట్టు అదే, దిశ ఎదురు. దీన్ని అపహ్నుతి అని రాసేస్తే తప్పు. కానీ అపహ్నుతి తెలిసినవాడికే ఈ తిరగేయడంలోని బలం పూర్తిగా అందుతుంది.

సెలవుల్లో మా మేనకోడలితో ఆ గేయమే పైకి చదివించాను.

వొట్టిమాటలు కట్టిపెట్టోయ్
గట్టిమేల్ తలపెట్టవోయ్

వొట్టి, కట్టి, పెట్టు, గట్టి. ఇక్కడ ప్రాస కావాలని అడిగే నియమం ఏదీ లేదు, ‘ట్ట’ అంతా కవి తనంతట తాను పోసిందే. వొట్టి అంటే లోపల ఏమీ లేనిది, గట్టి అంటే లోపల నిండుగా ఉన్నది. అర్థంలో ఎదురెదురు మాటలు, చెవికి అక్కచెల్లెళ్ళు. అక్కడివరకూ నేను చెప్పాను. తను రెండు పాదాలూ మళ్ళీ చదివింది, మూడోసారి కాస్త నెమ్మదిగా చదివింది. "అత్తా, కట్టిపెట్టులో ఉన్న ‘పెట్టు’ తలపెట్టులోనూ ఉంది. కానీ ఒకటి మానెయ్యమని, ఇంకోటి మొదలుపెట్టమని" అంది. చిన్నప్పటి నుంచి పాడుకుంటున్న పాట అది. నాకు ఆ సంగతి ఆ పూటే తెలిసింది.